వేరుశనగలో తాలు కాయలకు గంధకం గుళికలు మందు కాదు

ప్రశ్న: ఎర్ర నేలలో మూడెకరాల వేరుశనగ వేశాం. పైరు వయసు 28 రోజులు. నిరుడు సగం కాయలు తాలుపోయాయి. గంధకం లోపమని అప్పుడు ఎకరాకు 10 కిలోల 90 శాతం గంధకం గుళికలు వేశాం. చెట్లు పీకేటప్పుడు ఆ పసుపు గుళికలు కొన్ని మట్టిలో అలాగే కనిపించాయి. జిప్సంలో గంధకం 18 శాతమేనని, ఈసారి గుళికలే 20 కిలోలు వేయమని దుకాణదారు చెబుతున్నారు. వేయవచ్చా?
– ఒక రైతు, కదిరి ప్రాంతం

జవాబు: వేయవద్దు. కాయలు తాలుపోయింది గంధకం తక్కువై కాదు, కాల్షియం అందక అని నా అనుమానం. నిరుటి గింజలు మిగిలి ఉంటే నాలుగైదు తీసుకుని బద్దలుగా విడదీయండి. లోపలి మొలక నల్లబడి ఉంటే కాల్షియం లోపమే. బద్దల లోపలి వైపు గుంట పడి గోధుమ రంగుకు తిరిగి ఉంటే బోరాన్ లోపం. అప్పుడు మళ్లీ రాయండి.

90, 18 అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడమే పొరపాటు. గుళికల్లో ఉన్నది మూలకంగా ఉన్న గంధకం. అది నీటిలో కరగదు, వేరు దాన్ని తీసుకోలేదు. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని సల్ఫేటుగా మార్చాలి. అందుకు తేమ ఉండాలి, వారాలు పట్టాలి. మీరు చూసిన పసుపు గుళికలు ఆ మార్పు జరగక మిగిలినవే. జిప్సం అలా కాదు. అది కాల్షియం, గంధకం, ఆక్సిజన్ రసాయనికంగా కలిసి నీటిని కూడా పట్టుకుని ఉన్న సమ్మేళనం. పసుపు రంగు ఉండదు, నిప్పు పెడితే గంధకంలా మండదు. తడి తగిలితే కొద్దికొద్దిగా కరిగి సల్ఫేటుతో పాటు కాల్షియంను కూడా ఇస్తుంది. స్వచ్ఛమైన జిప్సంలో కాల్షియం 23 శాతం. గుళికల్లో కాల్షియం లేనే లేదు. 20 కిలోలు కాదు, 200 కిలోలు వేసినా కాయ నిండదు.

ఎకరాకు 200 కిలోల జిప్సం వేయండి. తొలి పూత దశలో, అంటే ఇప్పుడే, నేలలో తేమ చూసుకుని మొక్కల మొదళ్ల దగ్గర 5 సెంటీమీటర్ల లోతున వేసి మట్టిని ఎగదోయండి. 45 రోజులు దాటాక గుంటక, దంతి వంటి అంతరకృషి పనిముట్లు పెట్టవద్దు, పూల నుంచి మట్టిలోకి దిగి కాయలయ్యే ఊడలు తెగుతాయి. కాయకు కావలసిన కాల్షియం వేరు నుంచి పైకి వెళ్లి తిరిగి కిందికి రాదు, ఊడ, కాయ చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా పీల్చుకోవాలి. అందుకే ఆకుల మీద కాల్షియం ద్రావణం పిచికారీ చేయడం డబ్బు పారబోయడమే. ఈ దశలో పొటాష్ కూడా అదనంగా వేయవద్దు, అది కాయకు కాల్షియం అందకుండా చేస్తుంది.

సంచి మీది పెద్ద అంకె చూపించి అమ్మేవారి మాటపై పైరును పెట్టవద్దని ఎన్నిసార్లు చెప్పినా రైతులు మళ్లీ అదే చేస్తున్నారు. దుకాణదారు మీ మట్టిని ఒక్కసారైనా చూశారా? పంట తీశాక చేనులో అడ్డదిడ్డంగా 8 నుంచి 10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, కలిపి, నీడలో ఆరబెట్టి అర కిలో నమూనా భూసార పరీక్షకు పంపండి. ఉదజని సూచిక (పీహెచ్)తో పాటు గంధకం, కాల్షియం, బోరాన్ కూడా చూడమని అడగండి. అడగకపోతే చాలాచోట్ల నత్రజని, భాస్వరం, పొటాష్‌తోనే సరిపెడతారు.