సరోజను మాట్లాడనివ్వు

తమ్ముడూ,

వేసవి సెలవుల్లో విడుదల చేద్దామనుకుంటున్న మీ సినిమా స్క్రిప్టు ఆసాంతం చదివాను. మొదటి సగంలో మామా అల్లుళ్ల గొడవ బాగా పండింది. విశ్రాంతి తరవాత వచ్చే పెళ్లింటి సన్నివేశాల గురించే ఈ ఉత్తరం. అక్కడ ప్రతి మాటకూ రెండో అర్థం ఉంది. అన్నిటికీ ఆ రెండో అర్థం ఒక్కటే.

జనం నవ్వుతారని నీ నమ్మకం. నవ్వుతారు, నిజమే. ఈమధ్య ఒక హాస్య చిత్రానికి వెళ్లి ఆ నవ్వు నేనూ విన్నాను. వెనక వరసల్లో ఈలలు మోగాయి. నా పక్కన కూతురితో వచ్చిన తండ్రి మాత్రం ఉన్నట్టుండి ఫోను తీసి చూసుకోసాగాడు. "ఎందుకు నవ్వుతున్నారు నాన్నా?" అని ఆ పిల్ల అడిగితే ఆయన జవాబు చెప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లలకు సెలవులని డబ్బు పెట్టి టికెట్లు కొన్న మనిషిని కన్నకూతురి పక్కన సిగ్గుపడేలా కూర్చోబెట్టే హక్కు మనకు ఎవరిచ్చారు?

మోటు సరసం మనకు కొత్తేమీ కాదు. తోలుబొమ్మలాటలో రామాయణ గాథ మధ్యలో దూరి కేతిగాడు, బంగారక్క ఎన్ని మాటలు అనుకుంటారో నీకు తెలుసు. అయితే బంగారక్క ఊరుకునే మనిషి కాదు, కేతిగాడికి అంతకంత అప్పజెబుతుంది. నీ కథలో వంటమనిషి సరోజ మీద పెళ్లివారంతా జోకులు వేస్తారు, ఆమెకు ఒక్క మాటైనా లేదు. అలా నడిచి వెళ్లిపోతుంది, కెమెరా ఆమె వెనకే వెళ్తుందని కూడా రాశావు. నా అసలు బాధ అక్కడే. నత్తి ఉన్న పురోహితుడి విషయంలోనూ ఇదే అన్యాయం చేశావు.

'కన్యాశుల్కం' మళ్లీ తీసి చదువు. 1892లో విజయనగరంలో ఆడిన నాటకం. వేశ్య ఇల్లు, మంచం కింద దాక్కున్న ఇద్దరు మగవాళ్లు, చీపురు పట్టుకుని వచ్చిన పూటకూళ్లమ్మ! బూతుకు ఇంతకంటే అవకాశం ఎక్కడ దొరుకుతుంది? గురజాడ మాత్రం ఆ పెద్దమనుషుల పిరికితనాన్ని, దొంగ గౌరవాన్ని బయటపెట్టి నవ్వించాడు. మధురవాణి ఆ నవ్వుకు బలి కాలేదు, ఆ ఇంట్లో అందరికంటే తెలివైనది ఆమే.

సినిమాల్లోనే కావాలంటే జంధ్యాల 1987లో తీసిన 'అహ నా పెళ్లంట' ఉంది. కోట శ్రీనివాసరావు కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తింటాడు. ఆ పిసినారి ఇంట్లో కాక ఇంకెక్కడ వేలాడదీసినా ఆ కోడి నవ్వించదు. నీ పెళ్లింటి జోకులకు ఈ పరీక్ష పెట్టు. పెళ్లికొడుకు మాట తీసి వాడి బాబాయి నోట పెట్టి చూడు. నేను చూశాను, ఏ తేడా రాలేదు. ఆ మనుషులెవరో నీకింకా పూర్తిగా తెలియలేదని నాకు అప్పుడే అర్థమైంది.

అందుకే ఆ ఇరవై పేజీలూ పక్కన పెట్టి మళ్లీ రాయి. పెళ్లివారి గురించి సరోజ వంటింట్లో ఏమనుకుంటుందో, వాళ్ల ముఖం మీదే ఏమనగలదో ముందు అది రాయి. రాయగానే నాకు పంపు. నిర్మాత ఒప్పుకోకపోతే నన్ను వెంట తీసుకెళ్లు, ఆయనతో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య