పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ మార్చే ముందు పాత డిస్కును దాచుకోండి

2016లో కొన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉందనీ, దాని మీద ఇంట్లో తెలుగు టైపు పని జరుగుతుందనీ, ఇప్పుడు విండోస్ 11 వేయించాలా, కొత్తది కొనాలా అనీ అడిగారు. రెండూ అక్కరలేదని నా అభిప్రాయం. అంతకంటే ముందు, ఆ యంత్రాన్ని ఎవరి చేతికీ ఫార్మాట్ చేయడానికి ఇవ్వవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా నాన్నగారు తెలుగు ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేశాక మా ఊరి చరిత్ర రాయడం మొదలుపెట్టారు. గుడి శాసనం, చెరువు కథ, పెద్దల నోట విన్న సంగతులు, అన్నీ కలిపి నూట ఎనభై పేజీలు 'అను' అనే పేరున్న పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసుకున్నారు. ఆయన ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాతకాలపు హార్డ్ డిస్కు. బ్యాటరీ పాడైపోయి ఛార్జర్ మీదే నడిచేది. ఒక వేసవి మధ్యాహ్నం పెద్ద అప్‌డేట్ ఒకటి సగంలో ఉండగా కరెంటు పోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆన్ చేసినా, మరమ్మతు చేస్తున్నానని చెప్పి నల్లటి తెర మీదే ఆగిపోయేది.

దగ్గరలోని దుకాణానికి తీసుకువెళితే, "ఫార్మాట్ కొట్టాలి సార్, డీ డ్రైవ్ జోలికి పోము, మీ ఫైళ్లు భద్రం" అన్నారు. చెప్పినట్టే ఫైళ్లు ఉన్నాయి. కానీ నాన్నగారు పుస్తకం తెరిచేసరికి శాసన పాఠం ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, మధ్యమధ్య డాలరు గుర్తులు కనిపించాయి. ఆయన ఏమీ మాట్లాడకుండా ఒక్కో పేజీ కిందికి జరుపుతూ చివరి పేజీ దాకా చూసి, "అంతా పోయిందిరా" అన్నారు.

నిజానికి ఏమీ పోలేదు. అను ఫాంట్లు యూనికోడ్, అంటే తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు ఉండే పద్ధతి, కావు కనుక ఆ ఫైళ్లలో ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంటు. ఆ ఫాంట్లు సీ డ్రైవ్‌లో, విండోస్ ఫోల్డర్‌లో ఉంటాయి కాబట్టి ఫార్మాట్‌తో చెరిగిపోయాయి. డీటీపీ (అచ్చుకు పేజీలు సిద్ధం చేసే) పని చేసే బంధువు దగ్గర ఆ ఫాంట్లు తెచ్చి వేసిన రోజున అక్షరాలు తిరిగి వచ్చాయి. తర్వాత అంతటినీ కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు చెదిరిన చోటల్లా ఇద్దరం కూర్చుని నెల రోజులు సరిదిద్దాము. ఫార్మాట్ చేసే ముందు ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు, ఏ ఫాంట్లు ఉన్నాయి అని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కష్టమే ఉండేది కాదు. ఇలా అడిగే దుకాణం నాకు ఇంతవరకు తారసపడలేదు, నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే.

ఇక మీ ప్రశ్న. విండోస్ 11 కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌తో పాటు ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. మీది అంతకు ముందుది. రూఫస్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో ఆ తనిఖీని దాటించి వేయవచ్చు, నేను వేసి చూశాను, నడుస్తుంది. అయితే ఏటేటా వచ్చే కొత్త వెర్షన్లు వాటంతట అవి రావు, ప్రతిసారీ మనమే పూనుకోవాలి. విండోస్ 10 కు మద్దతు 2025 అక్టోబర్ 14 న ముగిసినా, అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో నమోదైన వ్యక్తిగత కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు గడువు ఉంది.

నా మాట వింటే పాత హార్డ్ డిస్కును తీయించి, దాని స్థానంలో 240 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్కు) పెట్టించండి. నాన్నగారి ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికి మూడు నిమిషాలు పట్టేది, ఇప్పుడు అర నిమిషం కూడా పట్టదు. ఏ కొత్త విండోసూ ఇవ్వలేని వేగం అది. ఆ ఎస్ఎస్‌డీలో విండోస్‌కు బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయండి. 22 వెర్షన్‌కు 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి, అను ఫాంట్ల ఫైళ్లు కూడా అందులో వేసుకోవచ్చు. బ్యాటరీ పాడై ఉంటే ముందు అది మార్పించండి. తీసిన డిస్కులో ఒక్క ఫైలునూ చెరపకుండా చిన్న యూఎస్‌బీ పెట్టెలో బిగించి ఉంచుకోండి. ఆరు నెలల తర్వాత ఏ ఫాంటో, ఏ పాత ఉత్తరమో గుర్తుకు వస్తే తగిలించి తీసుకోవచ్చు. నాన్నగారి పాత డిస్కు మీద "ఊరి చరిత్ర, చెరపవద్దు" అని ఆయన చేతిరాతతో చీటీ అంటించి ఉంది, బీరువాలో పట్టా కాగితాల పక్కనే ఉంటుంది.