సెలవు రోజున కూడా కాదనలేకపోతున్నాను

ప్రశ్న: మేడమ్, నాకు 23 ఏళ్లు. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. బీటెక్ అయ్యాక, సెప్టెంబరులో ఏడాదిపాటు వాలంటీరుగా జర్మనీ వచ్చాను. కాన్‌స్టన్స్ సరస్సు దగ్గర ఒక కాంప్‌హిల్ సముదాయంలో, మేధోపరమైన వైకల్యం ఉన్న పెద్దవాళ్లతో ఒకే ఇంట్లో ఉంటున్నాను. వాళ్లకు స్నానం చేయించడం, వంట, బట్టలు అన్నీ చూసుకోవాలి. సెలవు రోజున కూడా ఎవరో ఒకరు తలుపు కొడతారు, కాదనలేను. ఇప్పుడు నవంబరు, అయిదింటికే చీకటి పడుతోంది. రాత్రి బ్రెడ్డు, చీజే భోజనం. అమ్మేమో "బీటెక్ చదివి ఆయా పనికి వెళ్లావా" అంటోంది. రోజూ ఏడుపొస్తోంది. వచ్చేయమంటారా?

సలహా: చలి, చీకటి, తిండి ఎవరికైనా కష్టమే. కానీ మిమ్మల్ని ఎక్కువగా అలసిపోయేలా చేస్తున్నది సెలవు రోజున కూడా కాదనలేకపోవడమే అని నాకనిపిస్తోంది.

నాజీల పాలన నుంచి తప్పించుకుని స్కాట్లాండ్ చేరిన వియన్నా డాక్టరు కార్ల్ కోనిగ్, తన తోటివాళ్లతో కలిసి కాంప్‌హిల్‌ను మొదలుపెట్టారు. 1940లో వాళ్లు కాంప్‌హిల్ అనే ఎస్టేటుకు మారారు, ఆ పేరే నిలిచింది. సాయం చేసేవాళ్లు, అందుకునేవాళ్లు ఒక కుటుంబంలా బతకాలన్నది వాళ్ల ఆశయం. నాకెంతో గౌరవం ఉన్న ఆశయం అది. అయితే కుటుంబం అనగానే మన ఆడపిల్లలు తెలియకుండానే ఇంటికి పెద్దకూతురైపోతారు. అందరూ తిన్నాకే తింటారు, జ్వరమొచ్చినా లేచి పని చేస్తారు. అక్కడ మీరూ అదే చేస్తున్నట్టున్నారు. జర్మనీలో ఎవరైనా "రేపు నీకు కుదురుతుందా" అంటే మామూలుగా అది నిజంగా అడుగుతున్న ప్రశ్నే. కుదరదంటే సాధారణంగా ఏమీ అనుకోరు.

ఈ వారమే మీ బాగోగులు చూసే మెంటర్‌తో కూర్చుని డ్యూటీ గంటలు, సెలవులు కాగితం మీద రాయించుకోండి. మీ తలుపు కొట్టేవాళ్లు ప్రేమతోనే వస్తారు. ఆ రోజు మీరు డ్యూటీలో లేరని వాళ్లకు మాటల్లో చెబితే అర్థం కాకపోవచ్చు. ఇంట్లో ఫొటోలు పెట్టే డ్యూటీ బోర్డు ఉంటే, సెలవు రోజున మీ ఫొటో తీసేసి, బదులు ఎవరున్నారో వాళ్లది పెట్టించండి. మొదట్లో ఒకరిద్దరు అలుగుతారు, మీకూ బాధేస్తుంది. అయినా ఆగండి. జర్మనీ స్వచ్ఛంద సేవా చట్టం ప్రకారం ఏడాదికి కనీసం 25 సెమినార్ రోజులు, అంటే వాలంటీర్లు కలిసి నేర్చుకునే రోజులు ఉంటాయి. ఇంట్లో పనుందని వాటిని వదులుకోకండి. మీలాగే దూరం నుంచి వచ్చినవాళ్లు అక్కడ దొరుకుతారు.

తిండి విషయానికొస్తే, ఆ దేశంలో వేడి భోజనం ఎక్కువగా మధ్యాహ్నమే. వారానికోసారి ఆ పూట వంట మీరు చేస్తానని అడగండి. పప్పుచారు అందరికీ కాస్త ఎక్కువే కాచి, మిగిలింది రాత్రికి వేడి చేసుకోండి.

ఇక అమ్మ. చలికాలంలో మనకూ జర్మనీకీ నాలుగున్నర గంటల తేడా. మీరు రాత్రి ఎనిమిదింటికి పని ముగించి ఫోన్ చేస్తే ఇక్కడ పన్నెండున్నర. నిద్రలేచిన అమ్మకు మీ ఏడుపు వినిపిస్తే, ఆవిడ దిగులు కోపంగానే బయటికొస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంట విరామంలో చేయండి, అమ్మ సాయంత్రం టీ తాగే వేళవుతుంది. ఆయా పని అన్నదానికి వాదన వద్దు. మంచాన పడ్డ నాయనమ్మకో తాతయ్యకో ఆవిడే స్నానం చేయించి ఉంటే, అప్పుడు ఏ తిప్పలు పడిందో అడగండి, ఎలా లేపి కూర్చోబెట్టేదో చెప్పమనండి. ఆ పని ఎంత కష్టమో ఆవిడకు మీకన్నా బాగా తెలుసు.

వచ్చేయాలా అన్నది మాత్రం డిసెంబరు చీకట్లో తేల్చుకోకండి. సెలవులు సరిగ్గా తీసుకుంటూ రెండు నెలలు గడిపి చూడండి. ఈలోగా నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, బతకాలనిపించకపోయినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. వాలంటీర్లకు అక్కడ ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటుంది. ఎవరైనా మిమ్మల్ని అవమానించినా, గంటలు కుదించమంటే ఒప్పుకోకపోయినా రెండు నెలలు ఆగనక్కర్లేదు. మిమ్మల్ని పంపిన సంస్థను వేరే చోటు చూడమని అడగండి. జర్మనీలో ఉండటానికి మీకిచ్చిన పర్మిట్ ఈ సేవ కోసమే కాబట్టి, మానేస్తున్నానని చెప్పేముందే పర్మిట్ సంగతి వాళ్ల దగ్గర తేల్చుకోండి.