రోజువారీ వంటలో అసలైన వెన్న వాడితే నిజంగా రుచి మారుతుందా?

మారుతుంది. కాకపోతే వెన్న ఎంత వేశామన్నదాని కంటే ఎప్పుడు వేశామన్నదే ముఖ్యం. మీరు ఇంట్లో ఇద్దరమే ఉంటామని, తీసిన వెన్న మిగిలి పాడవుతుందేమోనని కూడా అడిగారు. అది చివర్లో చెప్తాను.

మాది హన్మకొండ. మా ఇంట్లో బర్రె పాల మీగడతో తీసిన తెల్ల వెన్న ఎప్పుడూ ఉంటుంది. అయినా పోపుకు, వేపుళ్లకు పల్లీ నూనే వాడతాం. వెన్నలో సుమారు 80 శాతం కొవ్వు, 16 శాతం దాకా నీళ్లు, మిగిలింది పాల పదార్థం. పెద్ద మంట మీద ముందు మాడేది ఆ పాల పదార్థమే. అది నల్లబడిందంటే కూర చేదెక్కుతుంది, ఖరీదైన వెన్న దండగ. అందుకే పొయ్యి కట్టేశాక వేయాలి. పుంటికూర పప్పు దించి, చెంచాడు వెన్న వేసి, కలపకుండా రెండు నిమిషాలు మూత పెట్టి చూడండి. పులుపు ఎక్కడికీ పోదు, కానీ నాలుకను కొరకదు.

నన్నడిగితే వెన్నకు అసలైన జోడీ సర్వపిండి, అంటే బియ్యప్పిండిని గిన్నెకు అద్ది కాల్చే మన తెలంగాణ రొట్టె. నూనె పోయడానికి వేలితో పెట్టిన చిల్లులుంటాయి కదా, గిన్నెలోంచి తీయగానే వాటి మీద వెన్న పెడితే కరిగి లోపలికి దిగుతుంది. అడుగు కరకరలాడుతూనే ఉంటుంది, మధ్యలో పల్లీలు, నువ్వులు కమ్మగా తగులుతాయి. జొన్న రొట్టె మీద కూడా అంతే, పెనం మీంచి తీసిన వెంటనే రాయాలి.

ఇంకొకటి తప్పకుండా చేసి చూడండి. మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చింది. దానికి ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. మిరప రంగు కొవ్వులో కరుగుతుంది, నీళ్లలో కరగదు. సన్న సెగ మీద వెన్న కరిగించి, దంచిన ఎల్లిగడ్డ వేసి, పచ్చి వాసన పోగానే దించి, అర చెంచా చపాటా కారం, ఉప్పు కలపండి. వెన్నంతా ఎర్రగా మెరుస్తుంది. ఉడకబెట్టిన ఆలుగడ్డల మీద పోస్తే పిల్లలు కూడా కారమని వెనక్కి తగ్గరు.

ఇంట్లో తీసేటప్పుడు మీగడను పెరుగుతో తోడు పెట్టి, పులిశాక చిలకాలి. అట్లా తీసిన వెన్నకు సన్నటి పులుపు, మంచి వాసన ఉంటాయి. మీగడ చల్లగా ఉండాలి, 12 నుంచి 15 డిగ్రీలైతే బాగా కడుతుంది. మన ఎండాకాలంలో ఐసు ముక్కలు వేయకపోతే వెన్న గట్టిపడక సల్లలోనే జిగటగా తేలుతుంది. మా అత్తమ్మ ముందు చేతులు చల్లటి నీళ్లలో తడుపుకుంటుంది, అంటుకోకుండా ముద్ద చేతికి వస్తుంది. తర్వాత నీళ్లు తెల్లబడటం ఆగేదాకా ముద్దను మార్చి మార్చి కడుగుతుంది. లోపల సల్ల మిగిలితే వెన్న తొందరగా వాసనొస్తుంది, కాబట్టి కడగడంలో బద్ధకం వద్దు.

కొనేవాళ్లు పాకెట్ వెనక చదవండి. కూరగాయల నూనెలు కనబడితే అది మార్జరిన్ లేదా ఫ్యాట్ స్ప్రెడ్, వెన్న కాదు. ఉప్పు కలిసిన టేబుల్ బటర్ అయితే కూరలో ఉప్పు తగ్గించాలి.

చెంచాడు, అంటే 5 గ్రాముల వెన్నలో సుమారు 36 కేలరీలు ఉంటాయి. కొవ్వులో సగానికి పైగా సంతృప్త కొవ్వే. కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు డాక్టర్‌ను అడిగి వాడాలి. మిగతావాళ్లకు నా సలహా ఏమిటంటే, రోజులో ఒక్క పదార్థంలోనే వేసుకోండి, రుచి తెలిసేలా తినండి.

ఇక మిగిలిపోయే సంగతి. ఇద్దరికైతే చిన్న ముద్దలు చేసి, వారానికి సరిపడా కింద ఫ్రిజ్‌లో మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకోండి, లేకపోతే పక్కనున్న ఉల్లిగడ్డ వాసన వెన్నకు ఇట్టే పడుతుంది. మిగతావి ఫ్రీజర్‌లో పెట్టండి. వారంలో అయిపోదనిపిస్తే వాసన మారకముందే సన్న మంట మీద నెయ్యి కాచేయండి. దించే ముందు గుప్పెడు మునగాకు వేస్తే, ఆ కరకరలాడే ఆకు వేడన్నంలోకి కూడా పనికొస్తుంది.