సముద్రం అడుగున నడవడానికి ఏ వేళ మంచిది?

ప్రశ్న: మా అబ్బాయి కెనడాలోని మాంక్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జూలైలో మేము అక్కడికి వెళ్తున్నాము. దగ్గరలోని హోప్‌వెల్ రాక్స్ వద్ద పొద్దున సముద్రం అడుగున నడవవచ్చనీ, మధ్యాహ్నానికి అదే చోట పడవలు తిరుగుతాయనీ అంటున్నాడు. నిజమేనా? మోకాళ్ల నొప్పులున్న నేను వెళ్లగలనా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మీ అబ్బాయి చెప్పినది నిజమేనమ్మా. విశాఖ తీరంలో ఆటుకూ పోటుకూ నడుమ తేడా 2 మీటర్లు కూడా ఉండదు కాబట్టి మనకు ఇది నమ్మశక్యంగా తోచదు. ఫండీ అఖాతం ఒడ్డున ఉన్న ఈ చోట నీరు 14 మీటర్ల వరకు లేస్తుంది. అంటే 15 గజాల బావి నోటిదాకా నిండి, సుమారు ఆరుంపావు గంటల్లో అడుగు తేలినట్టు. చంద్రుడి ఆకర్షణ అన్ని తీరాల మీదా ఉన్నదే. అయితే ఈ అఖాతం పొడవు, లోతు ఎలా కుదిరాయంటే, అందులో నీరు ఒకసారి ఊగి రావడానికి పట్టే కాలం, 12 గంటల 25 నిమిషాలకొకసారి వచ్చే పోటుకు దాదాపు సరిపోతుంది. ఊగే ఉయ్యాలను సరైన క్షణంలో మళ్లీ మళ్లీ తోసినట్టే నీరు ఎత్తుకు ఎగస్తుంది.

మన నల్గొండ గుట్టల మీద ఒకదానిపై ఒకటి నిలిచిన గుండ్లు గట్టి గ్రానైటు. అక్కడివి గులకరాళ్లు, ఇసుక అతుక్కొని గట్టిపడిన మెత్తని రాళ్లు. నీరు మొదలును కొరికేయగా పైభాగం వెడల్పుగా మిగిలి, తలమీద చెట్లతో పూలకుండీల్లా కనిపిస్తాయి. 2016 మార్చిలో ‘ఏనుగు రాయి’ అనే దానిలో పెద్ద భాగం కూలిపోయింది కాబట్టి, ఫొటో కోసమైనా వాటి కిందికి చేరి నిలబడవద్దు.

ఆటు పూర్తయ్యే వేళకు మూడు గంటల ముందు నుంచి మూడు గంటల తరువాత వరకు కింద నడవవచ్చు. ఈ వేళ రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కనుక, నిన్న వెళ్లినవారి మాట పట్టుకోక, మీరు వెళ్లే తేదీకి ఆటుపోట్ల పట్టిక చూసుకొని బయలుదేరండి. ఆటు వేళ దిగి, అక్కడే ఉండి పోటు కూడా చూస్తేనే ప్రయాణానికి న్యాయం జరిగినట్టు. ఒక్క పూటే చూసివచ్చినవారు సగమే చూసినట్టని నా అభిప్రాయం.

మోకాళ్ల విషయానికొస్తే, ప్రధాన మెట్లు దాదాపు 100 ఉంటాయి. వాటికి బదులు ఉత్తరపు తీరం వైపు వాలుదారి ఎక్కడుందో ప్రవేశద్వారం వద్ద అడగండి. కింద నాచు, ఎర్రటి బురద ఉంటాయి గనుక చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు తొడుక్కోండి. దిగడం కష్టమనిపిస్తే, పైన కట్టిన వేదిక మీది నుంచే రెండు వేళలా రాళ్లను చూడవచ్చు.