టెండరు కాగితం దగ్గర మొదలుపెట్టు

చి|| మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. వైద్యంలో కొత్త టెక్నాలజీని ప్రోత్సహించే పాలసీకి ముసాయిదా రాసే పని నీకు పడిందని మీ అమ్మ చెప్పింది. నువ్వు వాట్సాప్‌లో పంపిన పది పేజీలూ చదివాను. గ్రాంట్లు, కొత్త కంపెనీలకు చోటూ సాయమూ ఇచ్చే ఇంక్యుబేటర్లు, పోటీలు, బహుమతులు అన్నీ ఉన్నాయి. సర్కారు కొనడం గురించి మాత్రం ఒక్క వాక్యం, అదీ ఎనిమిదో పేజీలో. దాన్ని మొదటి పేజీకి తెచ్చుకో.

హెపటైటిస్ బి టీకా సంగతి చూడు. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే తయారుచేసి, విదేశీ టీకా కన్నా ఎంతో చవగ్గా ఇచ్చింది. కేంద్రం టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు అప్పిచ్చి ఆదుకుంది. అంతవరకు బాగుంది. కానీ దేశమంతటా పిల్లల ఉచిత టీకాల్లో అది చేరేసరికి 2011 వచ్చింది. పద్నాలుగేళ్లు! అదే, పసిపిల్లల విరేచనాలను అడ్డుకునే రోటావైరస్ టీకాకు 2014లో లైసెన్సు వస్తే, 2016లో మన ఆంధ్రతో కలిపి నాలుగు రాష్ట్రాల్లో పిల్లలకు వేయడం మొదలైంది. అదీ హైదరాబాద్ కంపెనీ భారత్ బయోటెక్‌దే. తేడా ఎక్కడుందంటావా? కేంద్ర బయోటెక్నాలజీ విభాగం మొదట్నుంచీ వెంట ఉంది, డోసు ఒక డాలరుకిస్తామని కంపెనీ లైసెన్సుకు ముందే చెప్పింది. కొనేవాడికి ధర తెలుసు, చేసేవాడికి గిరాకీ తెలుసు.

నేను చేసిన తప్పొకటి చెప్తాను. సర్కారీ ఆసుపత్రుల కొనుగోలు కమిటీలో ఉన్నప్పుడు కొందరు కుర్రాళ్లు పసిపిల్లల వార్మర్ తెచ్చారు. కరెంటు పోయినా చాలాసేపు వేడి నిలుస్తుంది. మా షరతు మూడేళ్ల టర్నోవర్, ప్రభుత్వాసుపత్రికి సరఫరా చేసినట్టు సర్టిఫికెట్. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టు! ఎర్రసిరాతో కొట్టేసింది నేనే. వాళ్లు మళ్లీ రాలేదు.

ఇప్పుడు స్టార్టప్‌లకు ఆ రెండు షరతులూ సడలించవచ్చని 2017 నాటి కేంద్ర ఆర్థిక నిబంధనల్లోనే ఉంది. అయితే 'సడలించవచ్చు' అన్న మాటను ఏ ఆఫీసరూ ముట్టుకోడు. రేపు ఆడిట్ అభ్యంతరం వస్తే పెన్షన్ ఆగుతుందని టెన్షన్. అందుకే పాలసీలో ఇలా రాయి: నాణ్యత పరీక్ష నెగ్గిన కొత్త పరికరాన్ని ముందు పది పీహెచ్‌సీల్లో ఆరు నెలలు వాడాలి, ఆ కొద్దిపాటి కొనుగోలుకు సాంకేతిక కమిటీ సంతకం చాలు, ఫలితం బాగుంటేనే పెద్ద టెండరు. కమిటీలో ఒక స్టాఫ్ నర్సూ, ఒక ఏఎన్ఎమ్మూ తప్పనిసరిగా ఉండాలి. రాత్రిపూట ఆ మిషన్‌తో అవస్థ పడేది వాళ్లే గానీ ప్రొఫెసర్లు కాదు.

నాణ్యత దగ్గర మాత్రం జాలిపడకు. వైద్య పరికరాలు తయారయ్యే విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో పరీక్షలు చేసే ల్యాబులు ఉన్నాయి. చిన్న కంపెనీలకు ఆ ఫీజు సర్కారే కట్టేలా రాయి, మార్కులు మాత్రం వాళ్లే తెచ్చుకోవాలి.

బిల్లుల మాట మరిచావు. సరుకు అందిన నలభై ఐదు రోజుల్లో డబ్బు వేయకపోతే ఎన్ని గ్రాంట్లిచ్చినా వడ్డీలకే పోతాయి. రిపేర్లకూ ముందే డబ్బు పక్కన పెట్టించు. బట్ట కప్పి స్టోర్ రూములో పడేసిన మిషన్లు నేను చాలానే చూశాను, కొన్నిటికి ఫ్యూజు మారిస్తే చాలు.

ఆదివారం రా. పాత టెండరు షరతుల ఫైలు తీసి పెడతాను, ఒక్కో షరతు ఎందుకు పుట్టిందో చెప్తాను. కొన్ని నిజంగా దొంగల కోసం పెట్టినవి, వాటిని ముట్టుకోకు.

ఇట్లు,
మామయ్య