చెవిలో హోరు, గిర్రున తిరిగే గది

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 46 ఏళ్లు, మెనియర్స్ అన్నారు, ఎడమ చెవిలో మిక్సీ తిరిగినట్టు హోరు, ఒక్కోసారి గది మొత్తం గిర్రున తిరిగి వాంతులు. బీటాహిస్టిన్ వేసుకుంటున్నా మళ్లీ వస్తోంది, ఎందుకండీ?

జవాబు: ఇది లోపలి చెవిలో ఎండోలింఫ్ అనే ద్రవం ఎక్కువవడంతో ముడిపడ్డ జబ్బమ్మా, ఆ మాత్రతో పూర్తిగా పోదు, ఎటాక్‌లు తగ్గుతాయేమోనని ఇస్తాం అంతే. ముందు ఉప్పు సంగతి చూడండి, ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు (మానమంటే అందరికీ కోపమే) అన్నీ కలిపి రోజుకి సోడియం 1500 నుంచి 2000 మిల్లీగ్రాములు దాటొద్దు, అంటే టీస్పూన్ ఉప్పు కూడా కాదు. తిరుగుడు మొదలవగానే పడుకుని కదలని వస్తువునే చూస్తుండండి, ఆ టైంలో బండి అస్సలు తీయొద్దు. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) అప్పుడప్పుడూ తీయించండి. అయినా తగ్గకపోతే చెవిపొర గుండా స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఉంది, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా అలాగే ఇస్తారు గానీ దాంతో వినికిడి తగ్గే రిస్క్ ఉంది, అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకోండి.